ఉక్కువంతెనల పందెము – నదులు నేర్పిన నిబంధనలు



మాఘ శుద్ధ సప్తమినాడు అరసవల్లి సూర్యనారాయణస్వామిని సేవింప విజయనగరము వైపునుండి వచ్చు యాత్రికులెల్లరును నాగావళిని దాటియే రావలెను. బస్సులలో వచ్చువారు శ్రీకాకుళపు వంతెనమీదుగా వత్తురు. రైలులో వచ్చువారు ఆమదాలవలసలోని శ్రీకాకుళము రోడ్డు స్టేషనును చేరకముందే మఱియొక వంతెనను దాటుదురు. ఆ సమయమున స్వామిని తలచుకొనువారు పెక్కుమంది గలరు. క్రిందనున్న వంతెనను తలచుకొనువారు మాత్రము అరుదు. అది విఱిగిననాడే మనకు దాని సంగతి జ్ఞప్తికి వచ్చును.

నేటి ప్రసంగమునకు విషయము వంతెనల నిబంధనలు. విద్యార్థులు తమ చేతులతో ఉక్కువంతెనలు కట్టి పోటీపడు ఆచారము ఒకటి అమెరికాదేశమున కలదు. ఆ పందెమునకు ఏటేట ఒక నిబంధనల గ్రంథము వెలువడును. పైపైని చూచినవారికి అది కుఱ్ఱల ఆటకు పెద్దలు పెట్టిన కట్టుబాట్లవలె తోచును. చరిత్ర తెలిసి చదివినవారికి మాత్రము అందలి పెక్కు నియమముల వెనుక కూలిన వంతెనలును, మునిగిన మనుష్యులును కనబడుదురు. ఆ చరిత్రను మన నాగావళి యొడ్డునుండియే ప్రారంభింతము.

నాగావళి ఒరిస్సాలోని కలహండి కొండలలో పుట్టి, రాయగడ, పార్వతీపురము ప్రాంతముల మీదుగా ప్రవహించి, శ్రీకాకుళమును ఒరసికొని సముద్రమున కలియును. బలరాముడు తన నాగలితో తెచ్చిన నది యని స్థలపురాణము చెప్పును. అందుచేతనే దీనికి లాంగుల్య యను పేరు కలిగినది. వేసవిలో ఇసుకతిన్నెలనడుమ సన్నని పాయయై పాఱుచు, కొండలలో వాన కురిసిన దినమున ఒక్కరాత్రిలో ఒడ్డులనంటి వచ్చుట దీని స్వభావము. ఆంగ్లేయుల యేలుబడిలో మద్రాసునుండి ఉత్తరమునకు వేయబడిన పెద్దబాట శ్రీకాకుళమునొద్ద ఈ నదిని కమానుల వంతెనమీదుగా దాటెను. 1876వ సంవత్సరమున వచ్చిన వరదలో ఆ వంతెన కమానులు ఆఱు కొట్టుకొనిపోయెను.

ఇందులో మనము గమనింపవలసిన దేమి? ఆ కమానులు బండ్ల బరువునకు కూలలేదు. ఎన్నో యేండ్లు ధాన్యపుబండ్లను, ఉప్పుబండ్లను, సంతకు పోవు జనమును అవి మోసియే యుండును. ప్రతిదినము వచ్చు బరువును మోయుట ఒక యెత్తు. ఎన్నడో యొకనాడు ప్రక్కనుండి వచ్చు వరదకు ఓర్చుకొనుట మఱియొక యెత్తు. వంతెనను కొలువవలసినది మంచిదినముతో గాదు, మిక్కిలి చెడ్డదినముతో. ఇది నాగావళి మనకు నేర్పిన మొదటి నియమము.

1890 తరువాత తూర్పుతీరపు రైలుమార్గము మన ప్రాంతమునకు వచ్చెను. రాతికమానులు చాలినంత వెడల్పున నిలువవు గనుక పెద్దనదులపై ఉక్కు దూలములు అవసరమయ్యెను. బెజవాడయొద్ద కృష్ణపై 1893లో రైలువంతెన పూర్తియయ్యెను. రాజమహేంద్రవరమునొద్ద గోదావరిపై 1897 నవంబరులో పని మొదలుపెట్టి, 1900 ఆగస్టులో బండ్లు నడిపిరి. నాటి మద్రాసు గవర్నరు హేవ్‌లాక్ పేర ప్రసిద్ధమైన ఆ వంతెనకు 56 ఖానాలు. ఒక్కొక్క ఖానా సుమారు 150 అడుగులు. వాల్టన్ అను ఇంజనీరు దాని నిర్మాణమును నడపెను. అది తొంబదియేడేండ్లు రైళ్లను మోసి 1997లో విశ్రాంతి పొందెను. ఆ యేటనే దాని ప్రక్కను కాంక్రీటు కమానుల క్రొత్తవంతెన పూర్తియయ్యెను. అంతకుముందే, 1974లో, పైన బాటయు క్రింద రైలును గల వంతెన అచ్చటనే వెలసియుండెను.

ఉక్కువంతెనలో బలము ఎచ్చట దాగియున్నది? మన యిండ్ల కప్పులను కట్టిన వడ్రంగులకు ఈ రహస్యము తెలియును. తాటిపలకను వెడల్పు క్రిందుగా పఱచి నడిచినచో అది వంగును; అదే పలకను అంచుపై నిలిపినచో వంగదు. కొయ్య అదియే, పొడవు అదియే, నిలిపిన తీరు మాత్రమే వేఱు. మఱియొకటి: నాలుగు కఱ్ఱలను చదరముగా మేకులతో కూర్చి త్రోసినచో అది ప్రక్కకు ఒఱగును. మూడు కఱ్ఱలను త్రికోణముగా కూర్చినచో ఎంత త్రోసినను దాని ఆకారము మాఱదు. రైలువంతెనల ప్రక్కలను మనకు కనబడు అడ్డకమ్ముల వరుస యంతయు ఈ త్రికోణముల కూర్పే. బరువు పడినప్పుడు కొన్ని కమ్ములు నలుగును, కొన్ని సాగును. సాగు కమ్మి సన్ననిదైనను చాలును. నలుగు కమ్మి సన్ననిదైనచో వెదురుబద్దవలె ప్రక్కకు వంగి తప్పుకొనును. ఏ కమ్మి ఏ పని చేయుచున్నదో ముందుగా లెక్కించుటయే ఇంజనీరు విద్య.

ఆ లెక్క తప్పినప్పుడు జరిగిన కష్టములను వినుడు.

స్కాట్లాండులో డండీ పట్టణమునొద్ద టే నదిపై థామస్ బౌచ్ అను ఇంజనీరు పొడవైన రైలువంతెనను కట్టెను. అది 1878లో తెఱవబడెను. 1879 డిసెంబరు 28వ తేదీ రాత్రి పెనుగాలి వీచుచుండగా నడిమి ఖానాలు రైలుతోగూడ నదిలో పడెను. సుమారు డెబ్బదియైదుగురు మరణించిరి. విచారణలో తేలిన దేమనగా, గాలి ప్రక్కనుండి త్రోయు బలమునకు తగిన లెక్క వేయబడలేదు. పోతయినుప స్తంభములలో లోపములుండెను. కట్టిన తరువాత కనిపెట్టి చూచుటయు చాలలేదు. అటుపిమ్మట వంతెనల లెక్కలో గాలికి ఒక నిర్ణీతభారమును చేర్చు నియమము వచ్చెను.

ఇరువదియెనిమిదేండ్లకు కెనడాదేశమున క్విబెక్ నగరమునొద్ద మఱియొక ఉపద్రవము సంభవించెను. సెయింట్ లారెన్సు నదిపై ప్రపంచమునకెల్ల పెద్దదగు ఖానా కట్టుచుండిరి. మొదట 1600 అడుగులని తలచిన ఖానాను 1800 అడుగులకు పెంచిరి. ఖానా పెరిగినచో వంతెన స్వంతబరువును పెరుగును గదా! ఆ బరువును సకాలమున తిరిగి లెక్కింపరైరి. క్రిందికమ్ములు వంగుచున్నట్లు పనివాండ్రు చూచి చెప్పిరి. న్యూయార్కులోనున్న పెద్ద ఇంజనీరు థియొడర్ కూపర్ సంగతి విని, ఇక బరువు వేయవలదని తంతి పంపెను. తంతి పోయినది కర్మాగారమునకు. వంతెనయొద్దకు వార్త చేరలేదు. ఆనాటి సాయంకాలమే, 1907 ఆగస్టు 29న, వంతెన కూలి డెబ్బదియైదుగురు పనివాండ్రు మృతినొందిరి. తిరిగి కట్టునప్పుడు 1916లో నడిమిభాగము ఎత్తుచుండగా జాఱిపడి మఱి పదుమూడుగురు పోయిరి. 1917లో ఆ వంతెన పూర్తియయ్యెను. అటుపిమ్మట 1925 మొదలుకొని కెనడాలో ఇంజనీరు విద్య ముగించినవారు ప్రమాణము చేసి చిటికెనవ్రేలికి ఇనుప ఉంగరము ధరించు ఆచారము ఏర్పడెను.

ఇవి పరదేశపు కథలని మనము ఊరకుండరాదు. 1956 సెప్టెంబరు 2వ తేదీ రాత్రి నాటి హైదరాబాదు రాష్ట్రమున జడ్చర్ల మహబూబునగరముల నడుమ వరదకు చెడిన వంతెన రైలుక్రింద కూలి నూరుమందికి మించి మరణించిరి. నాటి రైల్వేమంత్రి లాల్ బహదూర్ శాస్త్రిగారు పదవిని విడువజూపిరి, అది అంగీకరింపబడలేదు. నవంబరులో తమిళదేశమున అరియలూరునొద్ద అట్టిదే మఱియొక ప్రమాదము జరుగగా, ఆయన రాజీనామా అంగీకరింపబడెను. ఇక 2005 అక్టోబరు 29న నల్లగొండ సీమలోని వలిగొండయొద్ద పెనువానకు వచ్చిన నీరు చిన్నవంతెనను ఊడ్చివేయగా రైలు పడి నూరుమందికి పైగా చనిపోయిరి. నాగావళి 1876లో చెప్పిన పాఠమునే ఆ యేఱులు మరల చెప్పినవి.

ఇప్పుడు విద్యార్థుల పందెమునకు వత్తము.

1987లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రమున కొన్ని విశ్వవిద్యాలయముల విద్యార్థుల నడుమ ఈ పందెము చిన్నదిగా ప్రారంభమయ్యెను. 1992లో మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయమున మొదటి జాతీయ పందెము జరిగెను. ఉక్కు కట్టడముల సంస్థయు, సివిలు ఇంజనీర్ల సంఘమును దీనిని పోషించినవి. పుస్తకములో లెక్క చేసినవానికి కమ్మి బరువు తెలియదు. మర బిగింపనివానికి అతుకు కష్టము తెలియదు. ఈ కొఱతను తీర్చుటయే పందెపు ఉద్దేశము.

విద్యార్థులు నిజమైన వంతెనకు పదవవంతు పరిమాణమున, సుమారు ఇరువది యడుగుల పొడవుగల నమూనాను తామే గీచి, తామే కోసి, తామే అతికి తెత్తురు. వంతెన ఉక్కుదే కావలెను. ఉక్కు అనగా నేమని వివాదము రాకుండ నిబంధన ఒక సులభమైన పరీక్షను చెప్పుచున్నది: న్యాయనిర్ణేతల అయస్కాంతమునకు గట్టిగా అంటుకొనవలెను. మాట అక్కఱలేదు, అయస్కాంతమే సాక్షి.

వంతెన ముక్కలుగా రావలెను. ప్రతిముక్కయు నిబంధన చెప్పిన చిన్నపెట్టెలో పట్టవలెను. ఆ పెట్టె పొడవు సుమారు మూడున్నర అడుగులు మాత్రమే. ఇది ఏల? నిజమైన వంతెన భాగములు బాటమీద, రైలుమీద మోసికొని రాదగినవై యుండవలెను గదా! కర్మాగారమున ఎంత గొప్ప దూలము పోసినను, దానిని ఏటియొడ్డునకు చేర్చు మార్గము లేనిచో వ్యర్థము.

పిమ్మట కట్టుట. నేలపై పట్టీలతో రెండు గట్లును, నడుమ నదియు గుర్తింపబడును. కట్టువారు నదిలో కాలు పెట్టరాదు, పెట్టినచో దండన. బోల్టుగాని, పనిముట్టుగాని జాఱవిడిచినను దండనయే. అందఱును తలకు గట్టి టోపీయు, కన్నులకు అద్దములును ధరింపవలెను. కట్టుటకు పట్టిన కాలమును గడియారముతో కొలుతురు. చేయి తిరిగిన జట్లు కొలది నిమిషములలోనే కట్టి ముగింతురు. క్రింద నున్నది పట్టీగీత మాత్రమే యైనను, దానిని నిండునదిగా భావించి నడుచుకొనుట వారు అభ్యసింపవలసిన గుణము. అచ్చట జాఱిన బోల్టు నేలమీద పడును. గోదావరిపై జాఱినది క్రిందనున్న పనివాని తలపై పడును.

తరువాత బరువు. మొత్తము 2500 పౌనులు వంతెనపై మోపుదురు. మన లెక్కలో సుమారు పదునాలుగు ధాన్యపుబస్తాల బరువు. అంతకుముందే ప్రక్కనుండి లాగి చూతురు. నియమిత పరిమితికి మించి ఒఱగినచో బరువు మోయు పరీక్షకే అర్హత లేదు. టే నది గాలిని ఇచ్చట జ్ఞప్తికి తెచ్చుకొనుడు. ఇక బరువు ఎచ్చట పెట్టవలెననునది ముందుగా నిశ్చయము కాదు. పందెపు దినమున పాచిక వేసి, పడిన అంకెనుబట్టి స్థానము నిర్ణయింతురు. పాచిక యనగానే జూదమనుకొనవలదు. లోకములో బండి ఎచ్చట ఆగునో, మంద ఎచ్చట గుమికూడునో వంతెన కట్టినవాని వశములో లేదు. ఏ చోట బరువు పడినను నిలువవలెనని చెప్పుటకే ఆ పాచిక.

బరువు మోపునప్పుడు వంతెన క్రింద ఆపుదిమ్మలు ఉంచవలెను. అది కూలినను, బరువు మీదపడి ఎవ్వరికిని హాని కలుగరాదు. వంతెన నిలుచుననెడి నమ్మకము ఎంతయున్నను, కూలినచో ఏమగునని ముందే ఆలోచింపవలెను. క్విబెక్కులో వంతెనమీదనున్నవారికి ఈ ఆలోచన దక్కలేదు.

చివరకు గెలుపు ఎవరిది? మిక్కిలి బలమైన వంతెనదియే అనుకొన్నచో పొరపాటు. నిర్ణీతభారమును అన్ని వంతెనలును మోయవలసినదే. ఆపైన ఎంత తేలిక, ఎంత తక్కువగా వంగినది, ఎంత త్వరగా ఎంతమంది కట్టిరి, చూచుటకు ఎంత అందము అని వేఱువేఱుగా తూకము వేయుదురు. కట్టినవారి సంఖ్యను, పట్టిన నిమిషములను కలిపి కూలిఖర్చుగా మార్తురు. బరువును, వంగుడును మఱియొక ఖర్చుగా మార్తురు. రెండును కలిపి తక్కువైనవారిదే పైచేయి. ఇచ్చటనే బుద్ధికి పరీక్ష. ఉక్కు తగ్గించినచో వంతెన తేలికయగును గాని ఎక్కువ వంగును. వంగకుండ ఉక్కు పెంచినచో బరువు పెరుగును. ముక్కలు తగ్గించినచో త్వరగా కట్టవచ్చును గాని పెట్టెలో పట్టవు. ఒకదానిని పట్టుకొన్నచో మఱియొకటి జాఱును. ఇంటికి పెండ్లిఖర్చు నడిపిన పెద్దలకు ఈ చిక్కు తెలియనిది కాదు. అన్నిటికిని కొంచెము కొంచెము ఒదిగి, దేనిలోను ప్రమాదము రానీయనివాడే నేర్పరి.

కొందఱు ఇట్లు ఆక్షేపింపవచ్చును: ఇన్ని కట్టుబాట్లు పెట్టినచో బాలుర స్వంతబుద్ధి అణగిపోదా? అరసవల్లి ఆలయమును చూచి దీనికి సమాధానము చెప్పుకొనవచ్చును. ఏటేట మార్చిలోను అక్టోబరులోను ఉదయకిరణములు స్వామి పాదములను సోకుటకై వేలజనము వేచియుందురు. గాలిగోపురమును, మంటపములను, గర్భాలయమును ఒక్క వరుసలో దిక్కు తప్పకుండ నిలుపవలెనను కట్టుబాటు స్థపతికి లేకున్నచో ఆ కిరణము లోనికి వచ్చునా? కట్టుబాటు వలన ఆ శిల్పి బుద్ధి అణగలేదు. దానివలననే అది ప్రకాశించినది. పందెములోను నియమములు ఒక్కటియే యైనను, రెండు జట్లు ఒకే వంతెనను తేవు.

అయినను ఈ పందెమునకు ఒక కొఱత కలదు. అది చెప్పక విడుచుట న్యాయము కాదు. ఆ పందెములో నది లేదు. పట్టీగీతలు మాత్రమే యున్నవి. వంతెన కాళ్లు సమమైన గట్టినేలపై నిలుచును. ఇసుకను కోయు వరద లేదు, పునాదిక్రింద మట్టి కరగదు, చెట్లమానులు కొట్టుకొనివచ్చి స్తంభమునకు తగులవు. శ్రీకాకుళపు కమానులను పడగొట్టినది నీరు. జడ్చర్లలోను, అరియలూరులోను, వలిగొండలోను చావు తెచ్చినది నీరు. ఉక్కు లెక్కను పందెము నేర్పును. నీటి లెక్కను అది నేర్పదు.

నీటి లెక్క ఎచ్చట దొరకును? కొంత ప్రభుత్వపు రికార్డులలో దొరకును. పెద్దకాలువలకు, పెద్దనదులకు కొలతలు గలవు. చిన్నయేళ్లకు, గెడ్డలకు మాత్రము అట్టి కొలతలు పలుచోట్ల లేవు. అవి మీ జ్ఞాపకములో నున్నవి. ఏ యేట నీరు రావిచెట్టు మొదటికి వచ్చినదో, ఏ గట్టు ఎన్నిమారులు తెగినదో, ఏటిపాయ మీ తాతలనాడు ఎచ్చట నుండి ఇప్పుడు ఎచ్చటికి జరిగినదో ఊరి పెద్దలకు తెలియును. వంతెన కట్టువాడు అడుగవలసిన మొదటి ప్రశ్న అదియే: ఇచ్చట నీరు ఎంతవఱకు వచ్చినది? ఆ ప్రశ్నకు సమాధానము తక్కువగా చెప్పబడినచో ఖానా చిన్నదగును. ఖానా చిన్నదైనచో వరద వంతెనను త్రోయును.

నేడు టెక్కలిలోను, రాజాములోను ఇంజనీరు కళాశాలలు గలవు. మీ మనుమలు, మనుమరాండ్రు వానిలో చదువుచుందురు. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు వారిని ఏటిగట్టునకు తీసికొనిపొండు. వరద ఎక్కిన మేరను చూపుడు. గుడిగోడపై గాని, ఊరిబావి పళ్లెముపై గాని ఆ మేరను గీతగా, సంవత్సరముతో సహా చెక్కింపుడు. రంగుగీత పదేండ్లకు మాసిపోవును. ఱాతిగీత నూఱేండ్లు నిలుచును. బాలురు తమ పందెములో ఉక్కును తూచుటకు నియమములు నేర్చుకొందురు. నీటిని తూచు నియమమును మీరు చేర్పుడు. అప్పుడు వారు కట్టు వంతెన రెండు శాస్త్రములపై నిలుచును.

రానున్న రథసప్తమికి నాగావళి దాటునప్పుడు ఒక్క నిమిషము వంతెనను చూచి పొండు. స్తంభములమీద నీటిచాఱ ఎంత యెత్తున నున్నదో గమనించి, ప్రక్కనున్న పిల్లవానికి చూపుడు.